పిండి పారేసే తొక్కలో ఏముంది?

ఏప్రిల్ నెల మధ్యాహ్నం మహానందిలో బస్సు దిగినవాళ్ళు ముందు వెతికేది నీడను, ఆ తరువాత నన్నారి షర్బత్తు బండిని. పిల్లలూ, మీలో చాలామంది ఎక్కడో ఒకచోట ఆ బండి ముందు నిలబడే ఉంటారు. షర్బత్తు చేసే ఆయన గాజు గ్లాసులో నన్నారి పాకం పోస్తాడు. నానిన సబ్జా గింజలు ఒక చెంచా వేస్తాడు. నిమ్మకాయను అడ్డంగా కోసి, సగం చెక్కను చటుక్కున పిండుతాడు. చల్లటి నీళ్ళో, సోడానో పోసి మీ చేతికిస్తాడు. మీరు గ్లాసు వైపు చూస్తారు. నేను సైన్సు మేష్టారిని కనుక బండి కింద ఉన్న బక్కెట్టు వైపు చూస్తాను. సాయంత్రానికి అది పిండిన నిమ్మ చెక్కలతో నిండిపోతుంది. మరునాడు ఆ చెక్కలన్నీ చెత్తకుప్ప మీద ఉంటాయి.

రసం తీసేసుకున్నాం, ఇక అందులో ఏముందిలే అనుకుంటాం. ఏముందో మనమే పరీక్షించి చూద్దాం.

ఒక నిమ్మకాయను తీసుకుని పదునైన చాకుతో పైతొక్కను పూర్తిగా, సన్నగా చెక్కేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇప్పుడు తొక్క లేని కాయను ఒక గిన్నెలో పిండండి. చెక్కిన తొక్కను మరో గిన్నెలో వేసి వేళ్ళతో నలపండి. మీ స్నేహితుడి కళ్ళకు గుడ్డ కట్టి రెండు గిన్నెలూ వాసన చూపించండి. "ఏది నిమ్మకాయ?" అని అడగండి. అతడు తొక్క ఉన్న గిన్నెనే చూపిస్తాడు. రసానికి పులుపు ఉంది కాని, మనం "నిమ్మ వాసన" అని పిలిచేది చాలావరకు తొక్కలోనే ఉంది! షర్బత్తు చేసే ఆయన చెక్కను గట్టిగా పిండినప్పుడు రసంతోపాటు తొక్కలోని తైలం కూడా కొన్ని తుంపరలు గ్లాసులో పడుతుంది. ఆ షర్బత్తు మన ఇంటి షర్బత్తు కంటే ఘుమఘుమలాడటానికి అదొక కారణం.

తొక్కలో రెండు పొరలు

నిమ్మ, చీనీ, కమలా, నారింజ, దబ్బ, మాదీఫలం, పంపరపనస – ఇవన్నీ ఒకే కుటుంబం. శాస్త్రజ్ఞులు వీటిని సిట్రస్ జాతి అంటారు. కోస్తా వాళ్ళు బత్తాయి అనేదాన్ని మన సీమలో చీనీ అంటాం. దాని శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అంటే "చైనాకు చెందినది" అని అర్థం. మన రైతు నోటి మాటా, పుస్తకంలోని లాటిన్ మాటా ఒకే దేశం వైపు చూపిస్తున్నాయి, గమనించారా? మహానంది చుట్టుపక్కల కొండ నుంచి ఊరే నీటితో పారేవి ఎక్కువగా అరటి తోటలే. చీనీ చెట్లు చూడాలంటే కడప జిల్లా పులివెందుల వైపు, అనంతపురం వైపు వెళ్ళాలి.

ఒక చీనీ తొక్కను అడ్డంగా కోసి భూతద్దంతో చూడండి. బయట రంగున్న పలుచని పొర, లోపల దూదిలాంటి తెల్లని పొర కనిపిస్తాయి. రంగు పొరను ఫ్లావెడో అంటారు, తెల్ల పొరను ఆల్బెడో అంటారు. లాటిన్‌లో ఒకదానికి పసుపు అనీ, మరొకదానికి తెలుపు అనీ అర్థం. రంగు పొరలో సూదిమొనతో పొడిచినట్లు చిన్న చిన్న చుక్కలు ఉన్నాయి కదూ! అవే తైల గ్రంథులు. ఒక్కొక్కటి ఒక నూనె బుడ్డి. తొక్కను వంచి నొక్కితే ఆ బుడ్డీలు పగిలి, కంటికి కనిపించీ కనిపించనంత సన్నని తుంపర ఎగజిమ్ముతుంది. తమ్ముడి కంట్లోకి కొట్టి ఏడిపించే ఆట మీకు నేను నేర్పనక్కరలేదు.

ఆ తుంపర నీరు కాదు. పెద్దవాళ్ళు పక్కన ఉండగా ఒక కొవ్వొత్తి వెలిగించి, చీనీ తొక్కను జానెడు దూరం నుంచి మంట వైపు వంచి నొక్కండి. చిటపటమని చిన్న మెరుపులు వస్తాయి! నీరైతే మంటను ఆర్పాలి, ఇది మండుతోంది. ఇందులో ముఖ్యమైన పదార్థం పేరు లిమోనీన్. దాని అణువులో 10 కార్బన్ పరమాణువులు, 16 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి, మరేమీ ఉండవు. కేవలం కార్బన్, హైడ్రోజన్‌లతో తయారైన పదార్థాన్ని హైడ్రోకార్బన్ అంటారని తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు తెలుసు. కిరోసిన్, పెట్రోలులలో ఉండేవీ హైడ్రోకార్బన్లే. చీనీ తొక్క తైలంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా లిమోనీనే. నిమ్మ తైలంలో దాని వాటా అంతకంటే తక్కువ. దానికి తోడు సిట్రాల్ అనే మరో పదార్థం ఉండి నిమ్మకు ప్రత్యేకమైన వాసన ఇస్తుంది. నిమ్మగడ్డిలో ఉండేదీ ఆ సిట్రాలే. గడ్డికి నిమ్మ వాసన ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమయింది కదా!

మరొక తమాషా. ఊదిన రబ్బరు బుడగ మీద చీనీ తొక్కను పిండండి, ఢామ్మని పగులుతుంది. థర్మోకోల్ ముక్క మీద తొక్క తైలం రాస్తే అది గుంటపడి కరుగుతుంది. రబ్బరునూ, థర్మోకోల్‌నూ నీరు ఏమీ చేయలేదు, తైలం కరిగించింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. పానీయం చేసేటప్పుడూ, తరువాత పురుగుమందుల సంగతి మాట్లాడుకునేటప్పుడూ మనకు మళ్ళీ దీనితోనే పని.

ఇంత ఘాటైన తైలం చెట్టు మన షర్బత్తు కోసం తయారు చేసుకోలేదు. కాయను తొలిచే పురుగులను దూరంగా ఉంచడానికి చేసుకుంది. మరి మనం తాగవచ్చా? కొద్ది మోతాదులో తాగవచ్చు. పురుగుకు ఒక చుక్క సముద్రమంత. మన శరీరం చిటికెడు తొక్కలోని తైలాన్ని సులువుగా మార్చి బయటికి పంపేస్తుంది. కాని చిటికెడు మంచిదైతే గుప్పెడు ఇంకా మంచిదని లెక్క వేయకండి. ఎక్కువైతే కడుపులో మంట పుడుతుంది.

చేదు కథ

తెల్ల పొరను నమిలితే చేదు. దీని వెనుక ఒక చక్కని రసాయన శాస్త్రం ఉంది.

పంపరపనస తొక్కలోనూ, పులిహోరకు వాడే పుల్ల నారింజలోనూ నారింజిన్ అనే పదార్థం ఉంటుంది. పేరు వినగానే మన నారింజ గుర్తుకు వస్తోంది కదూ! అది కటిక చేదు. చీనీ తొక్కలో హెస్పెరిడిన్ అనే పదార్థం ఉంటుంది. దానికి రుచే లేదు. ఈ రెండూ దగ్గరి బంధువులు. రెండింటికీ రెండేసి చక్కెర అణువులు తోకలా అతుక్కుని ఉంటాయి. ఆ చక్కెరలు కూడా రెండింటిలోనూ ఒకటే – ఒక గ్లూకోజు, ఒక రామ్నోజు. రుచిలో తేడాకు ముఖ్య కారణం ఆ రెండు చక్కెరలు ఒకదానితో ఒకటి చేతులు కలిపిన చోటులో ఉంది. నారింజిన్‌లో గ్లూకోజు తన రెండవ కార్బన్ దగ్గర చెయ్యి అందిస్తే, హెస్పెరిడిన్‌లో ఆరవ కార్బన్ దగ్గర అందిస్తుంది. అంతే! ఒకటి నాలుక మీద చేదయింది, మరొకటి చప్పగా మిగిలింది. నాలుక అంత సున్నితమైన పనిముట్టు అన్నమాట.

చీనీ రసం తీసిన వెంటనే తియ్యగా ఉండి, గంట తరువాత చేదెక్కడం మీరు చూసే ఉంటారు. "ఫ్రిజ్‌లో పెట్టాం, పాడైపోయింది" అంటారు ఇంట్లో. పాడవలేదు. కాయ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు తొనల పొరల్లోనూ, తెల్ల పొరలోనూ చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. కాయను నలిపి రసం తీసినప్పుడు అది పులుపుతో కలిసి, మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. లిమోనీన్, లిమోనిన్ – ఒక్క దీర్ఘమే తేడా కాని, అది వాసన, ఇది చేదు. పరీక్షలో తారుమారు చేయకండి. గింజల్లోనూ లిమోనిన్ ఉంటుంది. కనుక చీనీ రసం తీసేటప్పుడు గింజలూ, పొరలూ నలగకుండా చూడాలి, తీసిన వెంటనే తాగాలి.

తెల్ల పొరలో పెక్టిన్ అనే పీచు పదార్థం కూడా దండిగా ఉంది. 1825లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంరీ బ్రాకొనో దానికి ఆ పేరు పెట్టాడు. జామ్ గడ్డకట్టడానికి కారణం అదే. తెల్ల పొర ముక్కల్ని కొద్ది నీళ్ళలో అరగంట ఉడికించి వడకట్టి చల్లారనిస్తే గంజిలా చిక్కబడుతుంది, చూడండి.

విటమిన్ల లెక్క

"తొక్కలో రసం కంటే ఎక్కువ విటమిన్ సి ఉందట కదా సార్!" అని మా తరగతిలో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. మాట నిజమే. 100 గ్రాముల చీనీ తొనల్లో సుమారు 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే, 100 గ్రాముల తొక్కలో సుమారు 130 మిల్లీగ్రాములు ఉంటుంది. కాని 100 గ్రాముల తొక్క ఎవరు తింటారు? పానీయంలో మనం వేసేది ఒక చిన్న చెంచా తురుము, అంటే 2 గ్రాములు. లెక్క వేయండి – 3 మిల్లీగ్రాములకు లోపే వస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు సుమారు 80 మిల్లీగ్రాములు కావాలి. పైగా తొక్కను ఎండబెట్టినా, మరిగించినా విటమిన్ సి కొంత నశిస్తుంది. విటమిన్ సి కావాలంటే ఒక జామకాయ తినండి. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. ఉసిరికాయ సంగతి చెప్పనే అక్కరలేదు.

శాస్త్రజ్ఞులు సైతం ఒకప్పుడు ఈ తొక్క మీద గొప్ప ఆశలు పెట్టుకున్నారు. హెస్పెరిడిన్‌ను 1828లోనే లెబ్రెటన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుక్కున్నాడు. గ్రీకు పురాణాల్లో బంగారు పండ్లను కాపలా కాసే హెస్పెరిడీస్ అనే కన్యల పేరు దానికి వచ్చింది. 1936లో హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ జెంట్-జార్జి, నిమ్మ నుంచి తీసిన ఇలాంటి పదార్థాలు సన్నని రక్తనాళాల గోడల్ని గట్టిపరుస్తాయని భావించి, వాటికి విటమిన్ పి అని పేరు పెట్టాడు. ఆయన సామాన్యుడు కాడు, మరుసటి ఏడాది నోబెల్ బహుమతి అందుకున్నవాడు. అయినా తరువాత జరిగిన ప్రయోగాల్లో, అది అందకపోతే ఫలానా జబ్బు వస్తుందని రుజువు కాలేదు. అందకపోతే జబ్బు రావాలి, అందిస్తే తగ్గాలి – అప్పుడే విటమిన్ అనాలి. అందుకని 1950 ప్రాంతంలో ఆ పేరును వదిలేశారు. నేటి పుస్తకాల్లో విటమిన్ పి మీకు కనిపించదు. హెస్పెరిడిన్ వంటి పదార్థాల్ని ఇప్పుడు ఫ్లేవనాయిడ్లు అంటున్నారు. వాటి మీద పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి. ఎవరైనా మీ ఫోనుకు "ఈ తొక్క కషాయం తాగితే షుగరు, బీపీ, కాన్సరు మాయం" అని పంపిస్తే, నోబెల్ బహుమతి గ్రహీత మాటనే రుజువు అడిగి పక్కన పెట్టారని గుర్తు చేయండి.

అయితే తొక్క పానీయం వల్ల లాభమే లేదా? ఉంది, అది చాలా మామూలు లాభం. నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. చెమట రూపంలో పోయిన నీరు మళ్ళీ లోపలికి రావాలి. వట్టి నీళ్ళు ఎంతో తాగలేం, విసుగొస్తుంది. కూల్‌డ్రింకు తాగితే 200 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 20 గ్రాముల పంచదార కడుపులోకి పోతుంది. మంచి వాసన ఉన్న పానీయమైతే తక్కువ తీపితోనే తృప్తిగా రెండు గ్లాసులు తాగుతాం. ఎందుకంటే మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు చెప్పే మాటే. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉండటం మీకు అనుభవమే కదా!

గ్లాసులోకి ఎలా దించాలి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. లిమోనీన్ నీటిలో దాదాపు కరగదు. లీటరు నీటిలో 15 మిల్లీగ్రాములు కరగడమే కష్టం. తొక్కను ఊరికే నీళ్ళలో పడేస్తే వాసన అంతగా దిగదు. దానికి మన వంటింట్లోనే ఉపాయాలున్నాయి.

మొదటిది పంచదార ఉపాయం. రెండు నిమ్మకాయల రంగు తొక్కను తెల్ల పొర రాకుండా సన్నగా తురమండి. దానిలో నాలుగు చిన్న చెంచాల పంచదార వేసి రోట్లో మెత్తగా కాదు, కచ్చాపచ్చాగా నూరండి. మూత పెట్టి అరగంట వదిలేయండి. మూత తీస్తే పంచదార తడి ఇసుకలా ఉంటుంది. పంచదార పలుకుల మొనలు తైల గ్రంథుల్ని చీల్చాయి. చుట్టూ ఉన్న కణాల్లోని నీటిని పంచదార ద్రవాభిసరణం ద్వారా బయటికి లాగింది. ఆ తడితోపాటు తైలం కూడా వచ్చి పలుకులకు పట్టుకుంది. ఇప్పుడు లీటరు చల్లటి నీళ్ళు, ఆ రెండు కాయల రసం, చిటికెడు ఉప్పు వేసి కలిపి వడకట్టండి. ఐదు గ్లాసులు వస్తుంది. గ్లాసుకు పంచదార 4 గ్రాములే పడింది, పైన చెప్పిన కూల్‌డ్రింకులో అయిదో వంతు. పంచదారకు బదులు బెల్లం వేసి, మిరియాలూ ఏలకులూ చేర్చితే శ్రీరామనవమి పానకమే కొత్త వాసన వేస్తుంది. నన్నారి పాకంలో నిమ్మరసంతోపాటు ఈ పంచదార అర చెంచా వేసి చూడండి. నా మటుకు నాకు సోడా కంటే అదే నచ్చుతుంది.

రెండవది మజ్జిగ. నీరు మజ్జిగలో దబ్బాకునో, నిమ్మాకునో చింపి వేయడం మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టిన పద్ధతి. మజ్జిగలో మిగిలి ఉన్న కొద్దిపాటి వెన్న ఆ తైలాన్ని తనలోకి తీసుకుంటుంది. నూనె నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. ఆకు దొరకకపోతే లీటరు మజ్జిగకు చిన్న చెంచా నిమ్మ లేదా దబ్బ తొక్క తురుము, చితక్కొట్టిన అల్లం ముక్క, ఒక పచ్చిమిరపకాయ చీలిక, ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి వడకట్టండి. ఎక్కువసేపు ఉంచితే చేదు దిగుతుంది. ఎండలో ఆడి వచ్చినవాళ్ళకు ఇంతకంటే మంచి పానీయం నాకు తెలియదు.

మూడవది వానాకాలంలో, చలికాలంలో పనికివచ్చే వేడి పానీయం. చీనీ తొక్కను చిన్న ముక్కలు చేసి, గాలి ఆడే నీడలో, పలుచని గుడ్డ కప్పి ఆరబెట్టండి. విరిస్తే టపుక్కున విరగాలి, వంగకూడదు. వంగితే ఇంకా తేమ ఉందన్నమాట. తేమ ఉన్న తొక్కను డబ్బాలో పెడితే బూజు పడుతుంది. బూజు పట్టిన ముక్క ఒక్కటి కనిపించినా డబ్బా మొత్తం పారేయాలి, కడిగి వాడుకుందామనుకోకూడదు. బూజులు వదిలే విషాలు కడిగితే పోవు, మరిగించినా కొన్ని పోవు.

ఇక కాచడం. చాలామంది తొక్కను నీళ్ళలో వేసి పావుగంట తెర్లబెడతారు. వంటిల్లంతా ఘుమఘుమలాడిపోతుంది. ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటారు. కాని ఆలోచించండి – వాసన వంటింట్లోకి వచ్చిందంటే గిన్నెలోంచి పోయిందనే కదా! లిమోనీన్ విడిగా అయితే 176 డిగ్రీల దగ్గర గాని మరగదు. కాని మరుగుతున్న నీటి ఆవిరితో కలిసి అంతకంటే చాలా తక్కువ వేడికే ఎగిరిపోతుంది. పూల నుంచీ, ఆకుల నుంచీ సుగంధ తైలాలు తీసే కర్మాగారాల్లో చేసేది ఇదే. దాన్ని ఆవిరి స్వేదనం అంటారు. వాళ్ళు ఆ ఆవిరిని చల్లబరచి తైలం పట్టుకుంటారు, మనం కిటికీలోంచి వదిలేస్తున్నాం. కనుక నీళ్ళు మరిగించి పొయ్యి ఆర్పిన తరువాత గ్లాసుకు ఒక చిన్న చెంచా తొక్క ముక్కలు, కాస్త అల్లం వేసి, గట్టి మూత పెట్టి, ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. మూత తీసేటప్పుడు దాని లోపలి వైపు ఉన్న నీటి చుక్కల్ని వాసన చూడండి. వాటిని గిన్నెలోకే దులపండి!

ఇలా తొక్కతో పానీయం చేసుకునేది మనం ఒక్కరమే కాదు. దక్షిణ చైనాలోని షిన్‌హుయి అనే ఊరు ఎండిన కమలా తొక్కకు పేరుపొందింది. దాన్ని చెన్‌పీ అంటారు, అంటే "పాత తొక్క" అని అర్థం. మూడేళ్ళు, అంతకు మించి కూడా దాచి, ఎంత పాతదైతే అంత ఎక్కువ ధరకు అమ్ముతారు. టీలో వేసుకుంటారు. కొరియాలో యూజా అనే నిమ్మజాతి కాయను తొక్కతో సహా చక్రాలుగా తరిగి పంచదారలో ఊరబెట్టి, చలికాలంలో వేడినీళ్ళలో కలుపుకుని తాగుతారు. మన పంచదార ఉపాయమే!

గొంతు గరగరలాడుతున్నప్పుడు వేడి పానీయం హాయినిస్తుంది, నిజమే. కాని జ్వరం రెండు రోజులు దాటితే కషాయం పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి. విరేచనాలు అవుతున్న బిడ్డకు పైన చెప్పిన షర్బత్తులు సరిపోవు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి కలిపి ఇవ్వాలి, లేదా ఓఆర్ఎస్ పొట్లం కలపాలి. అక్కడ వాసన కాదు ముఖ్యం, కొలత ముఖ్యం.

మందు కొట్టిన కాయ

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. కొంచెం నిదానంగా చదవండి.

చీనీ తోట ఉన్న ఇంటి పిల్లలకు "మంగు" అనే మాట తెలుసు. కంటికి ఆనని ఒక నల్లి కాయ తొక్క మీద చేరి రసం పీలుస్తుంది. తొక్క గోధుమరంగుకు తిరిగి గరుకుగా తయారవుతుంది. లోపల తొనలు బాగానే ఉన్నా, మంగు పట్టిన కాయకు మార్కెట్లో ధర పడిపోతుంది. అందుకని రైతులు నీటిలో కరిగే గంధకమో, మరో నల్లి మందో పిచికారీ చేస్తారు. ఆకుల్ని తొలిచే పురుగుకు, నల్లదోమకు మరికొన్ని మందులు. రైతును తప్పుపట్టి లాభం లేదు, తొక్క అందంగా లేకపోతే కొననిది మనమే. మనం తినేది తొన, ధర పలికేది తొక్క!

ఆ మందుల్లో చాలా వాటికి నీటి కంటే నూనె అంటే ఇష్టం. థర్మోకోల్‌ను కరిగించిన తైలం తొక్క నిండా ఉంది కదా. మందు ఆ తైలంలోకీ, తొక్క మీది మైనపు పొరలోకీ చేరి అక్కడే కూర్చుంటుంది. తొనల్లోకి వెళ్ళేది తక్కువ. ఒలుచుకు తినేవాడికి ఇది మంచిదే, తొక్కతోపాటు మందూ పోతుంది. కాని తొక్కనే కషాయం పెట్టేవాడి సంగతి? ఏ తైలం కోసం మనం తొక్కను వాడుతున్నామో, మందు దాక్కునేది కూడా ఆ తైలంలోనే. పంచదారతో తైలాన్ని లాగితే మందునూ లాగినట్లే.

కడిగితే పోదా? పైపైనది పోతుంది. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆపిల్ పండ్లతో పరీక్షించి చూశారు. లీటరు నీటికి 10 గ్రాముల వంటసోడా కలిపి పావుగంట నానబెడితే, వాళ్ళు వాడిన రెండు మందులూ తొక్క పైనుంచి పోయాయి. తొక్క లోపలికి ఇంకినది మాత్రం పోలేదు. దుకాణంలో అద్దంలా మెరిసే కాయలకు మైనం పూత కూడా ఉండవచ్చు, దాని కింద ఉన్నదాన్ని నీళ్ళు తాకనే తాకవు.

కనుక తొక్కను పానీయంలో వేయాలంటే చెట్టు మనకు తెలిసి ఉండాలి. మీ పెరట్లోని నిమ్మచెట్టు, పక్కింటి దబ్బచెట్టు, ఏ మందు ఎప్పుడు కొట్టారో చెప్పగల బంధువుల తోట – ఇవి సరే. మందు డబ్బా మీద "కోతకు ఇన్ని రోజుల ముందు ఆపాలి" అని రాసి ఉంటుంది, అది చదివి చెప్పడం ఇంట్లో చదువుకున్నవాళ్ళుగా మీ పని. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. అలాంటి చోట్లకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. బజారు కాయ అయితే రసం వాడుకుని తొక్కను ఇత్తడి చెంబులు తోమడానికి ఇచ్చేయండి. ఉప్పు అద్దిన నిమ్మచెక్కతో తోమితే చెంబు ఎలా మెరుస్తుందో మీ అమ్మకు తెలుసు. అది ఆమ్లం పని. అన్నట్టు ఆ ఆమ్లం వల్లనే నిమ్మ పానీయాలను కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిలవ ఉంచకూడదు. గాజు, స్టీలు, మట్టి మంచివి.

తాతగారి మాత్రలు, మధ్యాహ్నపు ఎండ

మీరు ఉత్సాహంగా పానీయం చేసి తాతకూ అవ్వకూ ఇస్తారు. ఇవ్వండి, కాని ముందు వాళ్ళు ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడగండి.

1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రజ్ఞుడు రక్తపోటు మాత్ర ఒకదాని మీద ప్రయోగం చేస్తున్నాడు. అందులో ఆల్కహాలు రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇచ్చారు. గ్రేప్‌ఫ్రూట్ అంటే పంపరపనసకూ చీనీకీ పుట్టిన సంకర జాతి. తీరా చూస్తే రక్తంలో మందు ఉండవలసినదానికి కొన్ని రెట్లు ఉంది! కారణం వెతికితే రసమే దోషి అని తేలింది. మన పేగు గోడలో కొన్ని మందుల్ని విరగ్గొట్టి తగ్గించే ఎంజైము ఒకటి ఉంటుంది. ఈ పండులోని ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు దాన్ని పనిచేయకుండా చేస్తాయి. ఒక మాత్ర వేసుకుంటే నాలుగు వేసుకున్నట్లవుతుంది. పంపరపనసలోనూ, పుల్ల నారింజలోనూ, నిమ్మ తొక్కలోనూ ఈ పదార్థాలు ఉన్నాయి. తియ్యని చీనీలో లేవనే చెప్పవచ్చు. కాబట్టి రక్తపోటుకో, కొలెస్టరాల్‌కో మాత్రలు వాడే పెద్దవాళ్ళు పంపరపనస, నారింజ తొక్కల కషాయాలు రోజూ తాగే ముందు డాక్టరును అడగాలి.

ఆ పదార్థాలే ఎండలో మరో పని చేస్తాయి. నిమ్మతొక్క ముఖానికి రుద్దుకుంటే తెల్లబడతామని కొందరు పిల్లలు నమ్ముతారు. తైలం పట్టిన చర్మం మీద మన సీమ ఎండ పడితే, అందులోని అతినీలలోహిత కిరణాల వల్ల ఒకటి రెండు రోజుల్లో కాలినట్లు బొబ్బలు రావచ్చు. తరువాత ఏర్పడే గోధుమరంగు మచ్చ వారాల తరబడి పోదు. తెల్లబడటం మాట దేవుడెరుగు! నిమ్మకాయలు పిండిన తరువాత, తొక్క తురిమిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కుని గాని ఎండలోకి వెళ్ళకండి. వట్టి నీళ్ళతో చాలదు. ఎందుకో మీరే చెప్పగలరు.

ఇక మీ సైన్సు క్లబ్బుకు ఒక పని. ఒకే కొలతతో నిమ్మ షర్బత్తు మూడు జాడీల్లో చేయండి. మొదటిదానిలో తొక్క వద్దు. రెండవదానిలో తొక్క తురుమును నేరుగా నీళ్ళలో వేయండి. మూడవదానిలో అంతే తురుమును ముందు పంచదారతో నూరి అరగంట ఉంచి వేయండి. మూడింటినీ వడకట్టండి. జాడీలకు అంకెలు వేసి, ఏ అంకె ఏదో ఒక చీటీ మీద రాసి మడిచి మీ మేష్టారికి ఇవ్వండి. రుచి చూసేవాళ్ళకు రెండు ప్రశ్నలు – ఏది ఎక్కువ వాసనగా ఉంది, ఏది ఎక్కువ తియ్యగా ఉంది? మూడింటిలోనూ పంచదార సమానమే కనుక రెండవ ప్రశ్నకు వచ్చే జవాబులు తమాషాగా ఉంటాయి. ముగ్గురు నలుగురిని అడిగితే చాలదు, కనీసం ఇరవై మందిని అడగండి. జవాబులన్నీ పట్టికలో రాసిన తరువాతే చీటీ విప్పండి.